పువ్వేసిన కన్ను

డర్బన్ నగరంలో నేను తొలిసారి ఊరవేసిన నలుపు, కూలగొట్టిన ఒక ఇంటి మేకులలోనుంచి వచ్చింది. ఆ మేకులు నాకిచ్చిన ముసలమ్మ గతించి చాలా ఏళ్ళయింది. ఆమె తల్లిని నేను కంటితో చూడలేదు. అయినా కొత్త గుడ్డ పరచి కలం ముంచిన ప్రతిసారీ ఆ తల్లి ముఖం నాకంటే ముందే వచ్చి గుడ్డ అడుగున పడుకొని ఉంటుంది. దానిమీదనే నేను వేరే ముఖాలు రాస్తూ వస్తున్నాను.

దక్షిణాఫ్రికాలో అందరికీ ఓటు వచ్చిన తొలి ఎన్నికలు జరిగి కొత్త జెండా ఎగిరిన మరుసటి ఏడాది, ఇంజనీరుగా ఉద్యోగం దొరికిన మావారి వెంట నేను డర్బన్ శివారున మెరీబ్యాంకు అనే పేటకు చేరాను. అప్పటికి నాకు నలభై దాటాయి. ఇంటి వెనుక చమురు శుద్ధిచేసే కర్మాగారపు గొట్టాలు. ఇంటిమీదుగా, పెంకులు తగులుతాయేమో అనిపించేటంత కిందుగా దిగే విమానాలు. తెల్లని గుడ్డ ఆరవేస్తే సాయంత్రానికి సన్నని మసి. మావారు ఉదయం వెళ్ళిపోయాక ఆ ఇంట్లో నేనూ, నా పెట్టెలో తెచ్చుకున్న కరక్కాయల మూటా మిగిలేవాళ్ళం. విమానాశ్రయంలో ఆ మూటను వాసన చూసిన అధికారి అది దేనికని అడిగినపుడు మావారు తడుముకోకుండా “అజీర్తికి” అన్నారు. చిత్రకళకు అని చెబితే నమ్మేవాడు కాదని ఆయన ఉద్దేశం.

కాళహస్తిలో మా నాన్నగారు పాఠశాలలో వ్యాకరణం చెప్పేవారు. మా వీధి చివర దేవతల కథలను గుడ్డలమీద రాసే పెద్దాయన ఒకరుండేవారు. నాన్నగారి దగ్గర కావ్యాలూ, ఆయన దగ్గర కలమూ ఒకే వయసులో నేర్చుకున్నాను. కలమంటే సన్నగా చెక్కిన వెదురు పుల్ల. మొనకు కాస్త పైన చుట్టిన ఉన్ని రంగును పీల్చుకొని ఉంటుంది, వేలితో నొక్కితే కిందికి జారుతుంది. కరక్కాయ రసంలో, పాలలో తడిపి ఆరబెట్టిన గుడ్డమీద ఇనుప నీళ్ళతో గీత గీస్తే అది మొదట చెమట మరకలా లేతగా కనబడి, చూస్తుండగానే నల్లబడుతుంది. ఒకసారి నల్లబడిన గీతను చెరపడమన్నది లేదు. అందుచేత మా గురువుగారు కళ్ళను చివరికి ఉంచేవారు. తలస్నానం చేసి, ఉదయపు వెలుగులో, బొమ్మ తొలిచూపు పడేచోట మనిషి నిలబడకుండా అద్దం పెట్టి, రెండు కళ్ళూ సమంగా తెరవాలి. లోపమున్న కన్ను రాస్తే రాసినవాళ్ళ చూపు పోతుందని ఆయన అనేవారు. అది బెదిరింపో శాస్త్రమో నేను ఏనాడూ అడగలేదు.

ఎనిమిది నెలలపాటు మెరీబ్యాంకులో నేను గీసిన దేవతలు ఎవరూ ప్రాణంతో లేరు. కొలతలన్నీ సరిగ్గా ఉండేవి. ముఖాలు మాత్రం మూసిన తలుపుల్లా ఉండేవి. ఒక మధ్యాహ్నం పెరట్లో గుడ్డ పిండుతూ ఏదో పద్యం ఎత్తుకున్నాను. కంచె అవతలనుంచి ఒక గొంతు వినబడింది.

“ఏటి పాడతన్నావమ్మీ? ఎవురు సచ్చిపోనారు?”

నేను ఉలిక్కిపడి చూశాను. తెల్లని జుట్టు, పూల గౌను, భుజాన తువ్వాలు. పక్కింటి ముసలమ్మ. ఆ వీధిలో తెలుగు వినబడడం నాకు అదే మొదలు.

“ఎవరూ పోలేదండీ. పద్యం చదువుకుంటున్నాను, పెద్దమ్మగారూ.”

“గారేటి? నానేం మేజిస్ట్రేటునా? అవ్వా అను. ఊరంతా అదే అంటాది.” ఎడమ అరచేతితో ఎడమ కన్ను మూసుకొని నన్ను పరీక్షగా చూసింది. “మా అమ్మ ఇలాగే గొణిగేది, చిక్కుళ్ళు కోత్తా. మాట తెలీదు గానీ యేడుపు తెలుత్తాది.”

అలా ఆమె రోజూ రాసాగింది. ఆమె తల్లి పదేళ్ళ పిల్లగా చెరుకు కూలీల ఓడలో ఈ గడ్డకు వచ్చిందట. తర్వాత క్లెయిర్‌వుడ్‌లో కూరమడులు వేసుకొని రేకుల ఇంట్లో బతికి, ఆ ఇంట్లోనే పోయింది. ఆమె పోయాక ఆ మడులమీదకు గిడ్డంగులు వచ్చాయి, ఇల్లు కూల్చారు. అవ్వకు మిగిలింది ఒక బిస్కట్ల డబ్బా నిండా తుప్పుపట్టిన మేకులు.

ఒకరోజు గుర్తింపు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. ఓటు వేయడానికి తీయించుకున్న బొమ్మ అందులో ఉంది.

“ఇది నాను గాదు, అమ్మీ. ఇది తీసినోడు నన్ను సూసి మా అమ్మని తీసినాడు. ఆ ఓటు లైన్ల నిలబడి, పుస్తకం ఇప్పి సూసి, నాను యేడ్సినాను. జనాలు ఓటుకి యేడుత్తన్నాననుకున్నారు. ముందరున్న జులూ ఆవిడ నన్ను కావులించుకొని ఆవిడా యేడ్సింది.” నవ్వి, వెంటనే ఆపేసింది. “మా అమ్మకి ఫోటో లేదు. ఓడ కాయితంలో నంబరు ఉండాదంట. నంబరుకి మొకం ఉండదు గదా? నువ్వు రాయి.”

ఆమెతో ఉండే మనుమరాలు ఆస్పత్రిలో నర్సు. ఆ సాయంత్రం గేటు దగ్గర నిలబడి నాతో తనకు వచ్చిన తెలుగులో అంది: “ఆంటీ, అవ్వ షుగర్ చాలా జాస్తి. కళ్ళు ఫినిష్ అవుతాది. డాక్టర్ చెప్పేడు, నెక్స్ట్ వింటర్ వరకు అంతే. ఆవిడకి వాళ్ళ మదర్ ఫేస్ చూడాలి. ప్లీజ్, ఆంటీ.”

చూపు పోకముందే తల్లిని చూడాలన్నది ఆమె కోరిక. నేను ఒప్పుకున్నాను. నా పనితనం చూపించే అవకాశం వచ్చిందన్న సంతోషం కూడా ఆ ఒప్పుకోలులో ఉందని ఇప్పుడు రాయడానికి నాకు సంకోచం లేదు.

ఎవరో చెబితే ముఖం రాయడం నాకు కొత్త. కావ్యాలలో ముఖం చంద్రుడు, ముక్కు సంపెంగ. అవ్వకు అవేవీ తెలియవు. ఆమె వీధిలో పోయేవాళ్ళను పట్టుకొని చూపించేది. “ముక్కు, అదిగో మా పిల్ల ముక్కే. గెడ్డం నాది. నుదురు మా పెద్ద తమ్ముడి కొడుకుది, ఆడు ఫీనిక్స్‌లో ఉన్నాడు, ఆదివారం వత్తాడు, సూడు.” ఆదివారం వచ్చిన ఆ మనిషిని గంటసేపు కుర్చీలో కూర్చోబెట్టి నుదురు గీశాను. “హాయిబో! మీటింగ్‌కి పిలిచినారనుకుంటే బట్టలంగడి బొమ్మ చేసినారు,” అని ఆయన విస్తుపోయాడు.

ఊరినుంచి సీసాలో తెచ్చుకున్న నలుపు అప్పటికి అయిపోయింది. కొత్త నలుపుకోసం అవ్వ తన మేకుల డబ్బా తెచ్చి ఇచ్చింది. ఆ మేకులను బెల్లం నీళ్ళలో వేసి మూడు వారాలు ఊరనిచ్చాను. కంపు కొడుతుంటే మావారు ముక్కు మూసుకొని, కర్మాగారం గాలి ఇటు వీచినపుడే దీని మూత తీయమని, అప్పుడైతే ఎవరిది ఏ కంపో తెలియదని సలహా చెప్పారు.

కళ్ళ గురించి అడిగితే మాత్రం అవ్వ క్లుప్తంగా మాట్లాడేది. “కళ్ళా? మంచియే. రెండూ దీపాల్లాగుండేయి.” ఇంకా చెప్పమంటే లేచి టీ పెడతానని వెళ్ళిపోయేది. ఒకనాడు నేను కలం చెక్కుతుండగా వచ్చి దాన్ని చూసి నిలిచిపోయింది.

“వెదురా అది?”

“అవును, అవ్వా. ఇంకేం వాడతాం?”

“దాంతో... కన్ను కూడానా?”

“కన్ను కూడా దీనితోనే.”

ఆమె అలాగే వెనక్కి తిరిగి ఇంటికి పోయింది. ఆ వారం రాలేదు. చక్కెర జబ్బువాళ్ళకు నీరసం సహజమనుకున్నాను. అంతటి చదువు చదివినదాన్ని, ఎదుటి మనిషి భయాన్ని నీరసమని చదివాను.

నేత్రోన్మీలనం చేసిన ఉదయం గురువుగారి నియమాలన్నీ పాటించాను. ఎదుట అద్దం పెట్టాను. నాకు తెలిసిన కన్నులన్నీ ఆ వేళ చేతిలోకి వచ్చాయి: లేడి కన్నులు, చేప కన్నులు, కలువరేకు కన్నులు. చెవులదాకా సాగిన రెండు పెద్ద కళ్ళు, సమంగా, తప్పు లేకుండా తెరుచుకున్నాయి. గీతలు నల్లబడుతుంటే ఎనిమిది నెలల తర్వాత నా చేతికింద ఒక ముఖం బతికింది. నాకు కన్నీళ్ళు వచ్చాయి.

పక్కింట్లో గోడకు తగిలించాం. మనుమరాలు పిలిచిన ఆడవాళ్ళు నలుగురు వచ్చారు. చూస్తూనే ఒకామె చెప్పులు విప్పింది. ఇంకొకామె కర్పూరం తెచ్చింది. ఎవరో గుడ్డ అంచుకు పసుపు రాశారు. అందరూ చేతులు జోడించారు. అవ్వ కుర్చీలోనుంచి లేవలేదు. ఎడమ కన్ను అరచేత్తో మూసి చూసింది. చెయ్యి తీసి చూసింది. ఆడవాళ్ళు వెళ్ళిపోయేదాకా ఆగింది.

“తీసుకుపో, అమ్మీ.”

“ఏం అవ్వా? గడ్డం కుదరలేదా?”

“అన్నీ కుదిరినాయి. ఇది అమ్మోరు. అమ్మోరికి మా ఇంట్లో సోటుండాది, అదిగో ఆ మూల. అమ్మకే లేదు.”

నాకు కోపం వచ్చింది. గుడ్డ చుట్టుకొని వెనుదిరిగి చూడకుండా వచ్చాను. మా ముందుగదిలో తగిలించాను. పది రోజుల తర్వాత, మావారి కార్యాలయంలో పనిచేసే ఒకామెతో పాటు, పట్నంలో చిత్రశాల నడిపే తెల్లజాతి ఆమె మా ఇంటికి టీకి వచ్చింది. గది మధ్య నిలిచి, కప్పు చేతిలో మరచిపోయి, ఆ గుడ్డనే చూసింది. తమ శాలలో ఇన్నాళ్ళూ ఒకే రకం మనుషుల బొమ్మలున్నాయని, ఇప్పుడు కాలం మారిందని, ఇటువంటివి మరి నాలుగు ఇస్తే ప్రదర్శన పెడతానని చెప్పింది. చిత్రకారిణిగా నా జీవితం ఆ కప్పు టీతో మొదలయింది. ఎవరికోసమని రాశానో ఆ మనిషి కాదన్న బొమ్మతో మొదలయింది.

మిగిలిన నాలుగూ రాశాను. లక్ష్మి అని మొదలుపెట్టినా, సరస్వతి అని మొదలుపెట్టినా అవ్వ గడ్డమే వచ్చింది, ఆ నర్సు ముక్కే వచ్చింది. మార్చాలని చూస్తే చెయ్యి మొరాయించేది. పట్టపగలు ఆ గదిలోకి వెళితే పది కళ్ళు నావైపు తిరిగేవి. వాటిలో నిందగాని కోపంగాని లేదు. ఎవరి ఇంటికో వెళ్ళబోయి దారి తప్పి వచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి చూసినట్లు చూసేవి. చివరికి వాటిని గోడవైపు తిప్పి నిలబెట్టాను. మావారు, “ఎవరైనా వస్తే నువ్వు దేవతలతో పోట్లాడి మాటలు మానేశావనుకుంటారు,” అన్నారు. నవ్వాను గాని తిప్పలేదు.

ప్రదర్శన జరిగింది. గుమ్మం దగ్గరి పలకమీద నా పేరు అచ్చులో చూశాను. అయిదు గుడ్డలూ ఎవరెవరి ఇళ్ళకో వెళ్ళిపోయాయి. అవ్వ రాలేదు. కంచె దగ్గరకూ రావడం మానేసింది. పద్యం చదివితే అవతల కిటికీ మూసుకొనేది.

చలికాలం మొదలయ్యాక మనుమరాలు వచ్చింది, యూనిఫారంలోనే. “ఆంటీ, ఎడమ కన్ను పోయింది. కుడిది లిటిల్ బిట్ ఉంది. ఆవిడ నిన్ను పిలుస్తాది. కోపం చేయొద్దు.”

వెళ్ళాను. అవ్వ మంచంమీద గోడకానుకొని కూర్చొని ఉంది. మనుమరాలిని పనికి వెళ్ళిపొమ్మంది. “పో, పో, టాక్సీ ఎల్లిపోద్ది.” గేటు చప్పుడు వినబడేదాకా ఆగి నా చెయ్యి పట్టుకుంది.

“నీతో అబద్ధం ఆడినాను. మా అమ్మకి రెండు కళ్ళు లేవు. ఎడమది పువ్వేసింది. తెల్లగా, మజ్జిగ సుక్క పడినట్టు.”

నేను మంచం అంచున కూర్చున్నాను.

“నాకు ఎనిమిదేళ్ళు. మార్కెట్‌కి నన్ను తీసుకుపోనంది. నాను అలిగి, చిక్కుడు తీగకి పాతిన వెదురు కర్ర పీకినాను. అమ్మ కింద వంగి కాయలు కోత్తంది. కర్ర సర్రుమని ఎగిరి...” చేతితో గాలిలో చూపించింది; వాక్యం పూర్తి చేయలేదు. “నాన్న వచ్చి ఏటయిందంటే, చెరుకాకు కోసిందనింది. నెత్తురు కారతంటే అనింది. అందరికీ అదే అనింది. సచ్చిందాకా. నన్ను ఒక్కమాట అనలేదు. అంటే బాగుండును.”

“మరి నాతో రెండు దీపాలని ఎందుకన్నారవ్వా?”

“నువ్వు బాగుచేత్తావనుకున్నాను. నీ కలంతో.” పట్టుకున్న నా చెయ్యి వదిలింది. “నువ్వు చేసినావు కూడా. రెండు కళ్ళతో ఆవిడ నన్ను సూసింది. నానెవరో ఆవిడకి తెలీలేదు. ఆవిడెవరో నాకూ తెలీలేదు.”

ఎడమ కన్ను ఎందుకు మూసుకొనేదో అప్పుడు చెప్పింది. ఆ ఏడాదంతా ఆమె మడుల గట్లమీద ఒక కన్ను మూసుకొని నడిచేదట, అమ్మకు లోకం ఎలా కనబడుతుందో చూడడానికి. కాలువలో పడితే అమ్మ నవ్వేదట. ఆ అలవాటు డెబ్భై అయిదేళ్ళు వచ్చినా పోలేదు. ఇప్పుడు ఎడమ కంటిని జబ్బే మూసింది.

“ఉన్నదున్నట్టు రాయి. కుడిది ఆరకముందే. మా పిల్లకి చెప్పకు.”

ఇంటికి వచ్చి కొత్త గుడ్డ తడిపాను. నలుపు సీసాలో అడుగున కొంచెమే మిగిలి ఉంది. ముఖం రెండు రోజుల్లో వచ్చింది. ఆ గీతలు అప్పటికే అయిదుసార్లు గీశాను గదా. మూడవనాటి ఉదయం గుడ్డను పక్కింటికి తీసుకుపోయి కిటికీ పక్కన బల్లమీద పరిచాను. అద్దం తీసుకుపోలేదు. తొలిచూపు పడేచోట అవ్వ కుర్చీ వేయించుకొని కూర్చుంది. గురువుగారి మాట చెవిలో వినబడుతూనే ఉంది. అబద్ధమని కొట్టివేయగల ధైర్యం నాకు ఆనాడూ లేదు, ఈనాడూ లేదు.

కుడి కన్ను పెట్టాను. కలువరేకు కాదు, ఎండకు సగం ముడిచిన, అంచున ముడతలున్న మామూలు కన్ను. అది నల్లబడేదాకా ఇద్దరం చూశాం. తర్వాత ఎడమదానికి రెప్పలు గీశాను. మళ్ళీ కలం ముంచాను. మొనలో చుక్క నిండి వేలాడుతోంది. లోపం లేకుండా తెరవడమే నేర్చుకున్నాను. తెరవకుండా ఉంచడం ఎలాగో ఎవరూ నేర్పలేదు. నా చదువులో కంటికి ఎన్నో పేర్లున్నాయి, అన్నీ పొగడ్తలే. పువ్వేసిన కన్ను అన్న మాట ఆ ముసలమ్మ నోటనే దొరికింది.

అవ్వ చెయ్యి వచ్చి నా మణికట్టుమీద పడింది. “సాలు. ఆ తెలుపు అలాగే ఉండనీ.”

చుక్కను గిన్నెలోకి వదిలేశాను. ఎడమ కంటిలో గుడ్డ తెలుపే మిగిలింది. అవ్వ వంగి, ముక్కు గుడ్డకు తగిలేటంత దగ్గరగా ముఖం పెట్టి, మిగిలిన ఆ కాస్త చూపుతో నుదుటినుంచి గడ్డందాకా వెతుక్కుంటూ దిగింది. తెల్లకంటి దగ్గర ఆగింది. చాలాసేపు ఆగింది.

“అమ్మా,” అంది. “నానే పీకినాను.”

ఆ మాట ఆమె నేలమీద చూపు పెట్టి ఎనిమిదేళ్ళ పిల్ల అన్నట్లే అంది. గోడ అవతల విమానం దిగింది. కిటికీ అద్దాలు వణికాయి. అవ్వ నిటారుగా కూర్చొని తువ్వాలుతో ముఖం తుడుచుకొని, “టీ పెట్టు. సెక్కిర రొండు సెంచాలు. ఇయాల డాక్టర్ని అడగను,” అంది.

నెల తిరగకముందే ఆమె కుడి కన్నూ ఆరింది. ఆ తర్వాత మరి రెండేళ్ళు బతికింది.

చిత్రశాల నడిపే ఆమె ఆ గుడ్డను చూసి అడిగింది, ఇవ్వలేదు. దేవతలను రాయడం మానేశాను. క్లెయిర్‌వుడ్‌నుంచి చెదిరిపోయిన ఇళ్ళవాళ్ళు, ఫోటోలు లేని తమ పెద్దల ముఖాల కోసం ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. నాకు పేరు తెచ్చినవి ఆ ముఖాలే. వాళ్ళు చెప్పే ఆనవాళ్ళు వింటూ, దేనిగురించి అడిగితే టీ పెట్టడానికి లేస్తారో దానికోసం కాచుకొని ఉండడం నా పద్ధతిగా మారింది. దొరికాక మొదట దానినే గీస్తాను. అందరూ దాన్ని నా శైలి అంటారు. గీసేముందు నేను అరచేత్తో ఎడమ కన్ను మూసుకుంటానని మావారు చెప్పేదాకా నాకు తెలియదు.

అయిదు దేవతా చిత్రాలు ఎవరి గోడలమీద ఉన్నాయో నాకు తెలియదు. రెండు మంచి కళ్ళతో ఆమె ఎక్కడో అపరిచితులను చూస్తూ ఉందన్న తలపు వచ్చిన రోజున నేను పని చేయలేను.

ఆరవ గుడ్డ మనుమరాలి ఇంట్లోనే ఉంది. మొన్న వెళ్ళినపుడు ఎవరో చుట్టాలు వచ్చి, ఆ కంటికి ఏమయిందని అడిగారు. నర్సు ఇప్పుడు తలనెరిసిన మనిషి. కప్పులు సర్దుతూ, ఎంతో మామూలుగా, “చెరుకాకు కోసింది. పాపం, చెరుకు తోటల్లో ఎంత కష్టపడేవాళ్ళో,” అని ఇంగ్లీషులో చెప్పింది. నెత్తురు కారుతుండగా ఒక తల్లి ఆడిన మాట, కూతురిని దాటి, మనుమరాలిని దాటి, ఇప్పటికీ ఆ ఎనిమిదేళ్ళ పిల్లను కాస్తూనే ఉంది. గోడమీద తెల్లకన్ను నావైపు చూసింది. నేను తల వంచి టీ తాగాను.

ఇదంతా ఇక్కడ రాస్తున్నాను. ఆ ఇంట్లో ఎవరికీ తెలుగు చదవడం రాదు.